ముక్కు ఊడిన సింహం

దోన్కా ముప్పై ఏళ్లు సోఫియాలో ట్రాము నడిపింది. ఎక్కేవాళ్లని అద్దంలో చూసి చూసి, ఎవడు టికెట్టు లేకుండా ఎక్కాడో మొహం చూసే చెప్పగలనని ఆమె ధీమా. పై అంతస్తులో ఉండే నెవేనా పోయాక, ఆ ఇంటికి వారసుడై దిగిన మేనల్లుడు కామెన్‌ని మొదటిరోజే తేల్చేసింది. టికెట్టు లేని బాపతు.

బతికున్నన్నాళ్లూ అత్త గడప తొక్కనివాడు, పోగానే గోడలకు తెల్లరంగు వేయించాడు. ఆమె కుర్చీలకే కొత్త గుడ్డ తొడిగించి, 'సామానుతో సహా అద్దెకు' అని ప్రకటన ఇచ్చాడు. రొట్టెల కొట్టుకు రెండు నిమిషాల నడకట, పార్కుకు ఐదు నిమిషాల నడకట, కారుతో పనే లేదట! రాసిన మహానుభావుడు మాత్రం కారును తెచ్చి కాలిబాట మీదే ఎక్కిస్తాడు. నడిచేవాళ్లు గోడకు కరుచుకుని బల్లుల్లా పాకాలి.

ఆ శనివారంతో నెవేనా పోయి ఏడాది. పిల్లల్లేని మనిషి, తలుచుకునేదల్లా దోన్కాయే. అందుకే ఫొటోతో సంవత్సరీకం కాగితాలు అచ్చు వేయించి, ఆ ఊళ్లో అందరూ చేసినట్టే ఒకటి వీధి తలుపుకు అంటించింది. ఆ ఒక్కరోజూ నెవేనా ఆ తలుపు మీద ఉండాలి. ఆమె కోరిందల్లా అంతే. గంట తర్వాత దిగి చూస్తే తలుపు మీద నాలుగు జిగురు మచ్చలు, చెత్తడబ్బాలో కాగితం ఉండ, పక్కనే చేతులు దులుపుకుంటూ కామెన్.

"ఒరేయ్, మీ అత్తని చెత్తలో పడేశావా?"

"అరవకండి పిన్నిగారూ! ఇల్లు చూడ్డానికి మనిషొస్తోంది. గుమ్మంలోనే పోయినవాళ్ల మొహం కనిపిస్తే ఎవరు దిగుతారు? రేపు అంటించుకోండి."

"పోయింది ఇవాళైతే రేపేంట్రా? నీ పుట్టినరోజు కూడా అద్దెకొచ్చేవాళ్లని అడిగే చేసుకుంటావా?"

అతను విసుక్కుంటూ మెట్లెక్కాడు. దోన్కా ఇంకో కాగితం తెచ్చి, ఈసారి జిగురు రెండింతలు పూసింది.

వచ్చినమ్మాయి పేరు రలిత్సా. తలుపు దగ్గర ఆగి కాగితమంతా చదివింది. దోన్కా ఆమె చేతిలో, పోయినవాళ్ల పేరిట పంచే, పంచదార కలిపిన ఉడికిన గోధుమల కప్పు పెట్టింది. "దేవుడు ఆమెను క్షమించుగాక" అని ఆ పిల్ల ఒక చెంచా తిన్నది. పద్ధతి తెలిసిన పిల్లే అనుకుని, ఎవరూ పిలవకపోయినా దోన్కా కప్పుల పళ్లెంతో సహా వెనకే పైకెక్కింది.

"సామానంతా కొత్తదేనండీ," అన్నాడు కామెన్. "ఈ కుర్చీ అయితే ఇటలీ నుంచి తెప్పించాను."

కుర్చీ చేతులకు రెండు సింహం తలలు. ఒకదానికి ముక్కు లేదు. నెవేనా ఇరవై ఏళ్లు దాని నెత్తిన అక్రోటుకాయలు పగలగొట్టింది మరి. రలిత్సా ఆ ముక్కు చోట వేలు పెట్టింది.

"ఇటలీలో కూడా సింహాలకి ముక్కులు ఊడతాయా? కింద తలుపు మీదున్నావిడ ఈ కుర్చీలోనే కూర్చుని నవ్వుతోందే!"

కామెన్ మొహం సున్నం కొట్టినట్టయింది. "ఆ కాగితం మళ్లీ... ఇప్పుడే వెళ్లి పీకేస్తాను."

"పీకడమెందుకు? మా అమ్మమ్మది మా గుమ్మానికి ఎండకి వెలిసేదాకా ఉంది. ఆవిడతో నాకేం భయం లేదు, మీ మాటలతోనే. ఇల్లు బావుంది, దిగుతాను. కానీ ఆ కాగితం జోలికి రానని ఒప్పందంలో రాయండి."

రాశాడు. అద్దె చేజారుతుందంటే వాడు తలుపునిండా అత్తనే అంటిస్తాడు. దోన్కా కప్పు వాడి చేతిలో కుక్కింది.

"తిను. తిని అనాల్సింది అను."

"దేవుడు ఆమెను క్షమించుగాక," గొణిగాడు కామెన్.

"ఆమెకేం లోటు లేదులే. నీ సంగతి చూసుకో!"

సాయంత్రం వెళ్తూ కామెన్ తలుపు దగ్గర ఆగాడు. కాగితం మూల ఒకటి లేచి ఉంది. తలెత్తి చూస్తే కిటికీలో దోన్కా. బొటనవేలితో ఆ మూలను గట్టిగా నొక్కి, కాలిబాట మీదున్న కారెక్కాడు.