సుగుణమ్మ కాల్చని ఇటుకలు

నందవరం సుగుణమ్మ, ఆమె భర్త యేసురత్నం పన్నెండేళ్లు ఇటుక బట్టీల్లో పనిచేశారు. అతనికి ఆయాసం పట్టుకుంది. పొగ దగ్గరికి పోవద్దని ఆదోని డాక్టరు గట్టిగా చెప్పడంతో ఇద్దరూ బట్టీ మానేశారు. సుగుణమ్మ ఎమ్మిగనూరులో మేస్త్రీల కింద పనికి కుదిరింది. అక్కడే ఒక సంస్థవాళ్ల దగ్గర కాల్చని ఇటుకలు చేయడం నేర్చుకుంది. ఎర్రమట్టి, ఇసుక, కొంచెం సిమెంటు కలిపి చేతిమిషనులో నొక్కాలి. మూడు వారాలు నీడన పెట్టి తడుపుతూ ఉండాలి.

మొదటి ఇటుక ఇంటికి తెచ్చి చూపిస్తే యేసురత్నం దాన్ని అటూ ఇటూ తిప్పాడు.

"దీన్ని కాల్సేది యెప్పుడే?"

"కాల్సేదే లేదు" అంది ఆమె. అతను చాలాసేపు దాన్ని కింద పెట్టలేదు.

ఆ ఇటుకలతోనే ఇల్లు కట్టుకోవాలనుకుంది. పొగ తక్కువ పుట్టించే పద్ధతిలో కట్టే ఇళ్లకు తక్కువ వడ్డీకి అప్పిస్తామని బ్యాంకు గోడకు కాగితం అంటించి ఉంటే, ఆ ధైర్యంతో మేనేజరు సుధీంద్రను అడిగింది.

"కాగితం నిజమేనమ్మా. కానీ మట్టి గోడకు విలువ ఎట్లా కట్టాలో మా ఇంజనీరుకే తెలీదు. విలువ కట్టనిదే నేను అప్పు రాయలేను" అన్నాడాయన.

"అయితే తెలిసినోళ్లతో కట్టిపిచ్చండి సారూ. ఇటుకలు నేను మోసుకొస్తా."

ఆయన నవ్వి, ఇటుకల గట్టిదనం పరీక్షించమని ఆదోని ఇంజనీరింగు కాలేజీకి ఉత్తరం రాసిచ్చాడు. ఆరు ఇటుకలు గోనెసంచిలో వేసుకుని ఆమె ఆదోని బస్సెక్కింది. అక్కడి కాలేజీలో మిషను కింద పెట్టి నొక్కారు. పక్కన పెట్టిన బట్టీ ఇటుక ముందు పగిలింది. ఆ ఫలితం చేతికొచ్చినా, పైఆఫీసు ఒప్పుకోవడానికి నాలుగు నెలలు పట్టింది. అడిగినంత రాలేదు, వరండా మానుకుంది. అయినా మే నెలకల్లా ఇంట్లో చేరారు. ఆ ఎండల్లో యేసురత్నం మధ్యాహ్నం పూట హాయిగా నిద్రపోయాడు.

అది చూసి వెనక వీధి హనుమక్క కూడా అప్పు తీసుకుని ఇల్లు మొదలుపెట్టింది. రెండో విడత ఇచ్చే ముందు గోడ చూసి చెప్పమని సుధీంద్ర సుగుణమ్మనే పంపాడు. పై నాలుగు వరసలను ఆమె మేకుతో గీరింది. మట్టి పొడిపొడిగా రాలింది. వారం కూడా తడపని ఇటుకలు.

"ఇవి తీసేయాలక్కా."

"నీ ఇల్లు లేసినాక మా నోట్లో మన్ను కొడతాండావా?" అంది హనుమక్క.

"రేపు వానకు ఇది కూలితే, ఈ సుట్టుపక్కల యెవురికీ మట్టింటికి అప్పు పుట్టదు. నేనూ వొస్తా, ఇద్దరమూ తీద్దాం."

హనుమక్క వారం రోజులు ఎదురుపడినా తల తిప్పుకుంది.

ఆదివారం సుగుణమ్మ చర్చి నుంచి వచ్చి, తాపీ పట్టుకుని నేరుగా ఆ గోడ దగ్గరికి పోయింది. ఒక వరస ఒంటరిగానే తీసింది. రెండో వరసకు హనుమక్క కొంగు బిగించుకుని వచ్చి ఇటుకలు అందుకుంది. కొత్త ఇటుకలను ఇద్దరూ వంతులేసుకుని మూడు వారాలు తడిపారు. ఆ వరసలు మళ్లీ కట్టాక రెండో విడత వచ్చింది.

ఇప్పుడు ఆస్పరి వైపు ఊళ్లకు కూడా గోడలు చూడటానికి బ్యాంకు సుగుణమ్మనే పంపుతోంది. కూలీ, బస్సు చార్జీ ఇస్తుంది. తోడుగా హనుమక్క వెళుతుంది.