డి గ్రేడులో పెట్టిన తాబేలు

ఇంటర్నెట్‌లో ఒక వీడియో ఉంది. హైదరాబాద్‌లో ఒక పోటీ వేదిక మీద, మెడలో మూడో బహుమతి పతకంతో నేను నిలబడి ఉంటాను. మైకు పట్టుకున్న అమ్మాయి "ఈ తాబేలు ఎత్తుగడ ఎవరిది సార్?" అని అడుగుతుంది. "నాదే" అంటాను. నవ్వుతాను కూడా. అది అబద్ధం. ఆ ఎత్తు నా భార్య తమ్ముడిది.

నేను ఆదిలాబాద్‌లో పత్తికి గ్రేడు చెప్పేవాణ్ని. యార్డుకు వచ్చిన బండిలో చెయ్యి పెట్టి, గుప్పెడు దూది లాగి, బొటనవేళ్ల మధ్య చీల్చి, పింజ పొడవు చూసి ఒక మాట చెప్తాను. చెప్పాక మార్చను. "అడుగున మంచిగున్నది సాబ్, ఇంకోసారి చూడుండ్రి" అని రైతు తెలుగులో ఒకసారి, మరాఠీలో ఒకసారి బతిమాలినా మార్చను. మారిస్తే వెనకున్న ప్రతి బండి దగ్గరా పంచాయితీయే. మా యార్డులో దీన్ని నిజాయితీ అంటారు. నేనూ అలాగే అనుకున్నాను.

మా బామ్మర్ది కరీంనగర్‌లో గ్రానైట్ పాలిష్ చేస్తాడు. ఒకసారి కాలి మీద పలక పడి ఆస్పత్రిలో ఉంటే, తోడుగా నేను కూర్చున్నాను. రెండో రోజు నా ఫోన్ గుంజుకొని ఆట ఎక్కించాడు. "ఊకె గోడ దిక్కు ఏం సూస్తవ్ బావా, గిది ఆడు." వింత జంతువులను పట్టి, పెంచి, చెరి రెండు బరిలోకి దింపి కొట్లాడించే ఆట అది. జంతువులు వందల్లో ఉంటాయి. అతని కాలు నయమయ్యేసరికి నాకు పిచ్చి పట్టింది.

కరీంనగర్, మంచిర్యాల, ఆదిలాబాద్ వైపు ఆడేవాళ్లమంతా ఒక గ్రూపు పెట్టుకున్నాం. ఏ జంతువు పోటీకి పనికొస్తుందో, ఏది పనికిరాదో చెప్పే ర్యాంకుల లిస్టు నేను తయారు చేశాను. అన్నిటికంటే పైన ఎస్, తర్వాత ఎ, బి, సి, చివర డి. "అన్న కన్ను పడితే అయిపాయె" అనేవాళ్లు. ఒక్కోదాన్ని ఆడి చూసేంత ఓపిక నాకెక్కడిది? వేగం అంకె చూసేవాణ్ని, గ్రేడు వేసేవాణ్ని. దూది చీల్చినట్టే.

ఆ లిస్టులో బండతాబేలును డి లో పెట్టాను. ఆట మొత్తంలో దానికంటే నిదానమైనది లేదు.

"దాన్ని ఒక్కసారన్న ఆడి సూసినవా బావా?" అని మా బామ్మర్ది ఫోన్ చేశాడు.

"దాని స్పీడ్ సూసినంక ఆడుడెందుకు?"

"నువ్వు పైపైన చెయ్యి వెట్టి చెప్పుడు గిక్కడ నడవదే. పది ఆటలు నా ముంగట ఆడు. ఓడితే నీ గ్రేడే ఖాయం."

నేను ఆడలేదు. పైగా గ్రూపులో ఇలా రాశాను: "మా బామ్మర్దికి పొద్దంతా బండలు రుద్ది రుద్ది, బండనే పులి లెక్క కనపడుతున్నది." అందరూ నవ్వారు. అతను కూడా ఒక నవ్వు బొమ్మ పెట్టాడు. తర్వాత నాకు విడిగా తొమ్మిది వాయిస్ మెసేజ్‌లు పంపాడు. మొదటిది సగం విని వదిలేశాను.

అదే నెలలో హైదరాబాద్ పోటీకి ముగ్గురిని పంపాలని గ్రూపు అనుకుంది. ఎవరు వెళ్లాలో నన్నే తేల్చమన్నారు. ఆటలో మా బామ్మర్దిని మించినవాళ్లు ఇద్దరో ముగ్గురో. పోటీ జరిగే మూడు రోజులకు మేస్త్రీతో ముందే మాట్లాడి సెలవు పెట్టుకున్నాడు. కొత్త చొక్కా కొన్నాడని నా భార్య చెప్పింది.

"తాబేలును తీసెయ్, నిన్ను తీసుకపోత" అన్నాను.

"తియ్య బావా. గది లేకుంటే నేనెందుకు?"

వేరే అతన్ని తీసుకెళ్లాను.

పోటీకి ముందురోజు సాధనలో, ఎవరో ముక్కూ మొహం తెలియనివాడు బండతాబేలుతో మా ముగ్గురినీ వరసగా ఓడించాడు. గదికి వచ్చి ఆ తొమ్మిది మెసేజ్‌లూ విన్నాను. వెనక రాయి కోసే మిషన్ చప్పుడు. మధ్యమధ్య మాట ఆపి, చప్పుడు తగ్గాక మళ్లీ మొదలుపెడుతున్నాడు. "తాబేలు కొట్టేదాక దాని పెంకు మూసే ఉంటది బావా. మూసి ఉన్నంతసేపు సగం దెబ్బనే తాకుతది. అందరు దానికి ఉరికే బూట్లు తొడుగుతున్నరు, గదే తప్పు. ఇనుపగుండు కట్టు. ఇంకింత నిదానమైతది. ఎదుటోళ్లు ఇద్దరు కొట్టినంక ఆఖరుకు లేస్తది. తిన్న దెబ్బలన్ని రెండింతలు జేసి తిప్పి కొడతది. ఇంటున్నవా బావా?"

నాలుగో మెసేజ్‌లో కూడా అదే అడిగాడు. ఇంటున్నవా అని.

ఆ మాటలన్నీ కాగితం మీద రాసుకొని, మిగతా ఇద్దరికీ నేర్పాను. ఎవరు చెప్పారని వాళ్లు అడగలేదు, నేను చెప్పలేదు. మూడో స్థానం వచ్చింది. వేదిక మీద ఆ అమ్మాయి అడిగినప్పుడు అతని పేరు నా నాలుక మీదే ఉంది. కానీ ఆ పేరు చెప్తే, నేను డి వేసిన సంగతి, నవ్వించిన సంగతి, అతన్ని వదిలి వచ్చిన సంగతి కూడా చెప్పాలి. గ్రేడు తప్పు చెప్పానని ఒప్పుకోవాలి. ఆ పని నాకు ఎన్నడూ అలవాటు లేదు.

ఇంటికొచ్చేసరికి నా భార్య గుమ్మంలోనే ఉంది. "వీడియో తమ్ముడు పంపిండు. మంచిగ మాట్లాడినవన్నడు." నా చేతిలో సంచి అందుకుంటూ, "గది వాడు చెప్పిందే కదా?" అంది. నేను కాళ్లు కడుక్కోవడానికి వెళ్లాను. ఫోన్ తీసి చూస్తే, అతను గ్రూపులోంచి వెళ్లిపోయినట్టు చిన్న అక్షరాల్లో ఒక లైను.

ఏడాదిన్నర ఆగాను. చివరికి గ్రూపులో నిజం రాశాను. అప్పటికి ఆటలో మార్పులు వచ్చాయి. ఇనుపగుండు కడితే తాబేలు పెంకు మూసుకోదని నియమం మార్చారు. సగం మంది ఆటే వదిలేశారు. ఒక్కడే జవాబిచ్చాడు: "గిప్పుడు గది ఎవ్వలు ఆడుతలేరన్నా."

బస్సెక్కి కరీంనగర్ పోయాను. నన్ను చూసి మా బామ్మర్ది కుర్చీ వేశాడు, చాయ్ తెప్పించాడు. పిల్లల చదువులు అడిగాడు. పత్తి ఎట్లున్నదని అడిగాడు. నేను గ్రూపులో రాసింది చదివి వినిపించాను. అతను వింటూ చాయ్ గ్లాసు నా వైపు జరిపాడు.

"మంచిది బావా," అన్నాడు. "చాయ్ సల్లగైతున్నది."

"ఒక్క ఆట ఆడుదాం."

"తీసేసిన బావా. ఫోన్ల జాగ సరిపోతలేదు."

కోపంగా అనలేదు. కోపంగా అంటే బాగుండేది. పెళ్లిళ్లకు, పుట్టువెంట్రుకలకు ఇప్పటికీ వస్తాడు, బావా అనే పిలుస్తాడు. నాతో వాదించడం మాత్రం మానేశాడు. నేను ఏది చెప్తే దానికి "సరే బావా" అంటాడు.

మొన్న లిస్టు మళ్లీ రాశాను. తాబేలును డి లోనే పెట్టాల్సి వచ్చింది. ఈసారి నలభై ఆటలు ఆడి, నలభై రకాలుగా ఓడి, అప్పుడు పెట్టాను. అది సరైన గ్రేడే. కాదని నాతో పోట్లాడేవాడు లేడు.