కొసరుగా వచ్చిన సీసా

నా చిన్నప్పుడు మా ఇంట్లో కొసరు మీద హక్కు నాదే. సంతలో వంకాయలు తూచాక పైన వేసే కాయ, బెల్లం కొట్టాయన చేతిలో పెట్టే ముక్క, గాజులమ్మ బతిమాలించుకుని ఇచ్చే పూసలు, ఏదైనా సరే, ఇంటికి వచ్చాక అది పిల్లదానికే చెందాలి. మా వైపు కొసరు అడగకుండా బేరం ముగించడమంటే అన్నం తిని చెయ్యి కడుక్కోకుండా లేచిపోవడం లాంటిది. మా మావ ఆ విద్యలో ఘనుడు. సూది కొన్నా కొసరు అడిగే మనిషి.

అమ్మా నాన్నా గరివిడిలో పనిచేసుకునేవారు. నేను శ్రీకాకుళం వైపు మా అమ్మమ్మ ఊళ్లో, అమ్మ తమ్ముడైన ఈ మావ దగ్గర పెరిగాను. మావది పాలపొంగు కోపం. ఎంత బేగి పొంగేదో అంత బేగి చల్లారేది. కాకపోతే ఆ పొంగు మీద ఉన్నప్పుడు ఎదురుగా ఎవరూ ఉండకూడదు.

నేను అయిదో తరగతి పాసైన ఏడు మావ నారు పోయకుండా ఎద జల్లాడు. విత్తనాలు నేరుగా పొలంలో చల్లేయడాన్ని మా వైపు ఎద అంటారు. వానలు బాగా పడ్డాయి, వరి మొలిచింది, వరితో పాటు తుంగా మొలిచింది. తుంగ సంగతి తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు. పైన పీకితే కింద గడ్డ ఉండిపోతుంది, మనం గట్టు దాటేలోపు మళ్లీ తల ఎత్తుతుంది. కూలీలు దొరకలేదు. ఇంటిల్లిపాదీ పొలంలోనే ఉన్నాం, నాతో సహా. పక్క ఊరి హైస్కూల్లో ఆరో తరగతిలో చేరాల్సిన నేను మోకాలి లోతు బురదలో తుంగ పీకుతున్నాను. కలుపు అయిపోతే బడికి పంపుతానన్నాడు మావ. ఆ కలుపు అయిపోతే కదా!

పక్కింటి అక్క రోజూ పుస్తకాల సంచీ పట్టుకుని గట్టు మీంచే బడికి వెళ్లేది. ఒకరోజు ఆగి, “ఒసే, నువ్వు రావేటే? పేర్లు రాసుకోడం ఆపెస్తారట” అంది. నేను తల ఎత్తలేదు. కళ్లనీళ్లు బురదలోకి కారుతుంటే పీకుతూనే ఉన్నాను. అంత దుఃఖం నాకు ఆ తర్వాత పెద్దయ్యాక కూడా కొన్నిసార్లే కలిగింది.

వరిని ముట్టకుండా తుంగని మాత్రం చంపే మందు ఆమదాలవలసలో దొరుకుతోందని ఎవరో చెబితే మావ రైలెక్కి వెళ్లాడు. తెల్లటి పొడి పొట్లం ఒకటి, చిన్న సీసా ఒకటి తెచ్చాడు. పొట్లాన్ని అటక మీద పెట్టి, సీసాని నా చేతిలో పెట్టాడు. “ఇదిగోనే గుంటా, నీ కొసరు!” అన్నాడు గర్వంగా. షాపాయన ఆ సీసా ఇస్తూ ఏదో చెప్పాడట గానీ, రైలు కూత వినబడి మావ పరుగు తీశాడట.

మూత తీస్తే తినేది కాదు, తాగేది కాదు, వాసన కూడా బాగాలేదు. మా అత్త, అంటే మావ భార్య, “నోటికాడ ఎట్టకు” అని లాక్కుని, తడి అరచేతుల్లో ఒక చుక్క వేసి రుద్దింది. చేతుల నిండా నురగ! ఇంకేముంది, సాయంత్రం ఇద్దరం ఎద్దుల్ని కాలవకి తోలుకెళ్లి ఆ సీసాతో కడిగాం. నురగలో ఎద్దుల కొమ్ములు తప్ప ఇంకేమీ కనబడలేదు. ఒడ్డున పిల్లలంతా చేరి ఒకటే కేకలు. పెళ్లికొడుకుల్లా మెరిసిపోతూ ఇంటికొచ్చిన ఎద్దుల్ని చూసి, దిష్టి తగులుతుందని మా అమ్మమ్మ ఉప్పు తిప్పి పోసింది.

మర్నాడు మావ పొలంలో నీరు తీసేసి, మమ్మల్ని గాలివాటుకి రాకుండా దూరంగా నిలబెట్టి, మూతికి తువ్వాలు కట్టుకుని మందు కొట్టాడు. ఇక ఎదురు చూడటం మొదలుపెట్టాం. పొద్దున్నే లేచి ముఖం కూడా కడగకుండా పొలానికి పరిగెత్తేదాన్ని. తుంగ నవనవలాడుతూనే ఉండేది. ఊళ్లో వాళ్లకి నవ్వులాటైపోయింది. “ఏటి బావా, తుంగకి బలం మందు కొట్టినావేటి?” అని ఒకాయన అడిగితే మావ ముఖం కందగడ్డైంది. ఆ రాత్రి, “ఈ ఏడుకి బడి నేదే అమ్మా” అన్నాడు. నేను అన్నం ముందు నుంచి లేచిపోయాను.

తెల్లారేసరికి మావ కోపం పొంగింది. నన్ను కూడా రమ్మన్నాడు. “నిన్ను సూపించి అడుగుతాను ఆడిని, ఈ గుంట సదువు నీ వల్లే పోనాదిరా అని.” రైల్లో దారి పొడుగునా ఆ మాటలే సాన పట్టుకున్నాడు. ఆమదాలవలసలో దిగాక షాపు ఇంకా కనబడకముందే అరవడం మొదలెట్టాడు. నకిలీ మందు అమ్మావన్నాడు, పచ్చటి సంసారంలో నిప్పులు పోశావన్నాడు, నన్ను ముందుకి తోసి దీని ఉసురు తగులుతుందన్నాడు. నాకు సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది.

షాపాయన బొజ్జ మీద చెయ్యేసుకుని అంతా విన్నాడు. ఒక్క మాటకీ ఎదురు చెప్పలేదు. మావ ఊపిరి తీసుకోడానికి ఆగినప్పుడు మాత్రం, “సరే బావా, నకిలీదే అనుకుందాం. ముందు ఇలా రండి” అని షాపు వెనక్కి తీసుకెళ్లాడు. అక్కడ కుళాయి పక్కన చేమ మొక్కలు ఏపుగా ఉన్నాయి. ఆయన గ్లాసుతో నీళ్లు నా చేతికిచ్చి, “అమ్మా, ఈ ఆకుని తడుపు సూద్దాం. తడిపినావంటే మీ మావ సెప్పిందల్లా నిజం” అన్నాడు.

నా బడి అంతా ఆ గ్లాసులోనే ఉందనుకుని నేను పోశాను. నీళ్లు పూసలై దొర్లి కింద పడ్డాయి. చిలకరించాను, నెమ్మదిగా వంచాను, అరచేత్తో అద్దాను. ఆకు పొడిగానే ఉంది. “తప్పుకోయే!” అని మావ బకెట్టెత్తి కుమ్మరించాడు. షాపుకొచ్చిన వాళ్లంతా చుట్టూ చేరారు. “బావా, నీ పంచి తడిసినంత ఆకు తడవనేదు” అన్నాడు షాపాయన. అందరూ గొల్లున నవ్వారు.

అప్పుడాయన జేబులోంచి చిన్న సీసా తీసి గ్లాసు నీళ్లలో ఒక చుక్క వేసి, పుల్లతో కలిపి, ఆకు మీద పోశాడు. నీళ్లు దొర్లలేదు. ఆకంతా పరుచుకుని అంటుకుపోయాయి. నేను వేలితో తాకి చూశాను, ఆకు నిజంగానే తడిసింది.

“తుంగాకూ ఇంతే బావా, మైనం రాసినట్టు నున్నగా ఉంటాది. నీ మందు మంచిదే. ఆకు మీద నిలబడక జారి మట్టిలోకి పోనాది. మందులో కలపమని సీసా ఇచ్చినాను కదేటి, కలపనేదా?”

“ఏ సీసా?” అన్నాడు మావ.

నేను సీసా వంక చూశాను. ఆలోచించకుండానే నోటమ్మట వచ్చేసింది. “మావా! ఇది మన ఎద్దులకి రుద్దిందే!”

షాపాయన ఎరువు బస్తా మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టాడు. కొసరు కథంతా నా చేత చెప్పించుకుని మరీ నవ్వాడు. “పోన్లే బావా, నీ ఎద్దుల మీద ఒక్క తుంగ కూడా మొలవనేదు కదా!” అన్నాడు. మావ ముఖం ఎర్రబడింది, పెదాలు అదిరాయి, ఆఖరికి తడిసిన పంచెతోనే కడుపు పట్టుకుని కళ్లనీళ్లు వచ్చేలా నవ్వాడు. మావ అంతగా నవ్వడం నేను అంతకుముందు చూడలేదు.

వచ్చేటప్పుడు షాపాయన మళ్లీ పొడీ, సీసా ఇచ్చి, “ఇది కొసరు కాదు” అని మావ చేత తిరిగి చెప్పించాడు. తర్వాత తన జేబులోని పెన్ను తీసి నాకిచ్చాడు. “నీ కొసరు ఇదమ్మా. బడికెల్లి రాసుకో.”

ఈసారి మంచు ఆరాక మావ రెండూ కలిపి కొట్టాడు. గట్టు మీంచే చూశాను, తుంగ ఆకులు నిగనిగా తడిసి ఉన్నాయి. ఆ వారంలోనే అవి మెలికలు తిరిగి, పసుపెక్కి, నేలకి వాలిపోయాయి. వరి మాత్రం నిటారుగా నిలబడింది. నేను గట్టు మీద ఎగిరి గంతులేశాను. బలం మందని వేళాకోళం చేసినాయనే వచ్చి ఆ సీసా ఎక్కడ దొరుకుతుందని అడిగాడు. మావ నన్ను సైకిలెక్కించుకుని హైస్కూలుకి తీసుకెళ్లాడు. ఆలస్యమైందేమని హెడ్మాస్టరు గారు అడిగితే ఎద్దుల స్నానం దగ్గర్నుంచి మొదలుపెట్టి అంతా చెప్పాడు. ఆయన నవ్వుతూ నవ్వుతూనే నా పేరు రాసుకున్నారు.

చదువుకుని నేనూ టీచర్నే అయ్యాను. రిటైరై శ్రీకాకుళంలో ఉంటున్నాను. సాయంత్రాలు వీధిలో పిల్లలు పలకలో పుస్తకాలో పట్టుకుని నా దగ్గర చదువుకోడానికి వస్తారు. ఎంత చెప్పినా లెక్క చేమాకు మీద నీళ్లలా జారిపోయే పిల్లలుంటారు. మేనమామ పోలిక ఎక్కడికి పోతుంది, నా గొంతు దానంతటదే లేస్తుంది. అప్పుడు ఆ బొజ్జ షాపాయన గుర్తొస్తాడు. ఆ రోజు ఆయన మావకి దీటుగా అరిచి ఉంటే, నా చదువు ఆ తుంగలోనే కలిసిపోయేది. వెంటనే గొంతు తగ్గించి, “ఈయాల కూరేటి తిన్నావురా?” అని అడుగుతాను. కాసేపు కబుర్లయ్యాక, లెక్క మళ్లీ మొదటి నుంచి చెబుతాను.