తాటిచెట్టు కింద తెల్లగోడ

“...ఆ ఏడు మాత్రం గోడకి సున్నం ఎయ్యనేదు బాబూ. మా అత్త పోయి పది రోజులు కానేదు. మైలలో సున్నం ముట్టకూడదన్నారు పెద్దోలు. సరే అనీసి ఊరుకున్నాను. నా బతుకులో ఒకలు సెప్పినారని ఊరుకున్నది ఆ ఒక్కపాలే. తర్వాత ఏటి జరిగినాదో తెలుసునా?”

నారాయణమూర్తి తల ఊపాడు. ఊపింది దాలమ్మ అడిగినదానికి కాదు. నవలలో నాయకుడికి సాగర్ అని పేరు పెడితే మరీ తేలికైపోతుందేమో అన్న అనుమానం అప్పుడే వచ్చి, అవును తేలికే అని తనలో తాను ఒప్పుకున్నాడు.

“మా ఆయన, ఈశ్వర్ అయ్య, ఆ పొద్దు ఏటకెళ్లి...”

“దాలమ్మా, కాస్త ఆగుతావా? ఒక వాక్యం అందుతోంది. నువ్వు మాట్లాడుతుంటే జారిపోతుంది.”

“ఆగుతాను బాబూ,” అని దాలమ్మ పులుసు గిన్నె మీద మూత సరిచేసింది. “అయినా సముద్రం మీద కత రాస్తనానంటారు, సముద్రానికి ఈపు పెట్టి కూసుంటారు. వంట గురించి రాసీవోడు పొయ్యికి ఈపు పెడితే ఏటి రాస్తాడు?”

“ఎదురుగా ఉంటే చూస్తూ కూర్చుండిపోతాను. రాయలేను.”

“అలాగా,” అంది ఆమె. నవ్విందో లేదో అతను చూడలేదు.

నారాయణమూర్తి కొత్తవలస స్టేషన్లో టికెట్లిచ్చే గుమాస్తా. సముద్రం మీద పెద్ద నవల రాస్తున్నానని ఏడేళ్లుగా తోటి ఉద్యోగులందరికీ చెబుతున్నాడు. ఏడేళ్లలో పదకొండు పేజీలయ్యాయి. రెండు వేల పదహారు మే నెలలో పద్నాలుగు రోజులు సెలవు పెట్టి, శ్రీకాకుళం అవతల ఈ మత్స్యకారుల ఊళ్లో దాలమ్మ ఇంటి ముందుగది అద్దెకు తీసుకున్నాడు. వచ్చిన రోజునే, వారపత్రికలో పడిన తన రెండు కథల కాగితాలు ప్లాస్టిక్ కవరులోంచి తీసి ఆమెకు చూపించాడు. చదువురాని దాలమ్మ అటూ ఇటూ తిప్పి, “బొమ్మలు బాగున్నాయి బాబూ,” అంది. ఆ మాటకి అతనికి రెండు రోజులు రాత సాగలేదు.

తొమ్మిది రోజులు అలాగే పోయాయి.

ఇంటి పెరట్లో ఇసకదిబ్బ మీద ఒంటిగా ఒక గోడ ఉంది. ఒకప్పుడు దాలమ్మ మామగారు ఎండుచేపలు నిలవచేసిన కొట్టుగది తాలూకు గోడ. కప్పు లేదు, మిగతా మూడు గోడలూ లేవు. ఆ ఒక్కటీ మాత్రం పాలలా తెల్లగా మెరుస్తూ సముద్రంకేసి చూస్తుంది. దాని వెనక ఒక పొడుగాటి తాటిచెట్టు. మొదటి రోజే నారాయణమూర్తి నోటుపుస్తకంలో ‘ఒంటరి గోడ, దేనికి సంకేతం?’ అని రాసుకున్నాడు. పక్కనే పొయ్యి దగ్గర కూర్చున్న మనిషిని అడుగుదామని తోచలేదు. గోడకి ఎదురుగా తాటాకు పందిరి కింద బల్ల వేయించుకున్నాడు.

దాలమ్మ మాటను సగంలో ఆపిన మర్నాడు, అతను ఎప్పుడూ లేనిది తెల్లారేసరికే బల్ల దగ్గర కూర్చున్నాడు. సూర్యుడు సముద్రంలోంచి లేచి నేరుగా ఆ గోడ మీద పడ్డాడు. ఎదురుగా కూర్చున్న నారాయణమూర్తికి కళ్లలో నీళ్లు తిరిగాయి. కాగితం కనపడదు, కలం కనపడదు. దాలమ్మ అప్పటికే ఒడ్డుకి వెళ్లిపోయింది. వసారాలో వలల మీద కప్పే నీలం బరకం మడతపెట్టి ఉంది. దాన్ని తెచ్చి, పైన నాలుగు రాళ్లు పెట్టి, నైలాను తాడుతో బిగించి గోడంతా కప్పేశాడు.

కళ్లు చల్లబడ్డాయి. కూర్చున్నాడు. ఏడేళ్లుగా రాని వాక్యం వచ్చింది. దాని వెనక ఇంకొకటి. వీపు వెనక సముద్రం రోజుకంటే గట్టిగా ఘోషిస్తున్నా అతనికి వినపడలేదు. తలెత్తేసరికి నాలుగు పేజీలు. గడియారం పది దాటింది. కడుపు కాలుతోంది. టిఫిన్ రాలేదు. ఇంట్లోకి తొంగిచూశాడు. పొయ్యిలో బూడిద చల్లగా ఉంది. ఇంత మంచి రోజున ఇదేమిటని విసుక్కుంటూ ఒడ్డుకి నడిచాడు.

వేట నిషేధం రోజులు కావడంతో మరబోట్లన్నీ ఇసకలోకి లాగి ఉన్నాయి. కుర్రాళ్లు నిషేధం లేని తెప్పల మీదే వెళ్తున్నారు. రోజూ ఈపాటికి చేపల బేరాలతో ఒడ్డంతా గోలగా ఉంటుంది. ఈవాళ ఆడవాళ్లు ఖాళీ గంపలు పక్కన పెట్టుకుని ఊరికే కూర్చున్నారు. గాలి తిరిగింది. ఎండ కాస్తున్నా దూరాన నీళ్ల మీద తెల్లటి ఆవిరి తెరలా లేచి, సముద్రమేదో ఆకాశమేదో తెలియడం లేదు. కాకులు కూడా ఎగరకుండా బోట్ల అంచుల మీద వరసగా కూర్చున్నాయి.

దాలమ్మ నీళ్ల అంచున నిలబడి ఉంది.

“దాలమ్మా, టిఫిన్...”

“పొయ్యెలిగించనేదు బాబూ,” అంది ఆమె తిరగకుండానే. “గాలి సూసి ఈ పొద్దు రెండు తెప్పలే ఎల్లినాయి. రెండూ రానేదు. ఎనిమిదికల్లా వచ్చీవోలు.”

అంతలో అలల మీంచి ఒక తెప్ప జారుతూ వచ్చి ఇసకను కొట్టుకుంది. దిగినవాడు ముసలి అసిరయ్య, వరసకు దాలమ్మకి బావ. కాళ్లు ఇసకలో ఆనకముందే నోరు మొదలైంది.

“ఒలే దాలమ్మా, నీ గోడ ఏటైపోనాదే? సున్నమంతా తమలపాకుల్లో ఏసుకుని తినీసినావేటి?”

“ఉగాదికి మూడు పూతలేసినాను. నీ కళ్లే పోనాయి బావా.”

“నా కళ్లు నీ పెళ్లినాడే పోనాయి గాని, నిజం సెప్తన్నాను. తాటిచెట్టు మసకగా అగుపిస్తన్నాది. దాని కింద గోడ నేదు. తెల్లగా ఉన్నదల్లా ఉత్తరాన కొత్తగా కట్టిన రొయ్యపిల్లల హేచరీ గోడొకటే. నేనే ఒక గడియ అటు తిప్పీబోయినాను. అల ఇరిగీ సప్పుడు తేడాగా ఉన్నాదని ఎనక్కి కొట్టినాను.” అసిరయ్య గొంతు తగ్గింది. “ఈశ్వర్ రానేదా?”

దాలమ్మ నీళ్లకేసి చెయ్యి చూపించింది. ఈశ్వర్ దాలమ్మకి ఒక్కడే కొడుకు. ఏడాదిలో పది నెలలు గుజరాత్‌లో, వీరావల్ రేవులో, పెద్ద బోట్ల మీద పనిచేస్తాడు. అక్కడ దారి మిషన్ చూపిస్తుంది. వేసవికి వచ్చి ఊరికే కూర్చోలేక తెప్పెక్కాడు.

నారాయణమూర్తి వెనక్కి తిరిగి చూశాడు. అక్కడి నుంచి ఇసకదిబ్బ అడ్డం. గోడ కనపడదు. నీళ్ల మీద ఉన్నవాళ్లకే కనపడుతుంది.

“నిన్న సగంలో ఆపినాను కదా బాబూ,” అంది దాలమ్మ, చూపు నీళ్ల మీంచి తీయకుండా. “ఈ రేవుకి అడ్డంగా నీళ్లలో బండలున్నాయి. మద్దిలో ఒక్కటే దారి, రెండు తెప్పలు పక్కపక్కన పట్టవు. తాటిచెట్టు సరిగ్గా తెల్లగోడ మీదకొచ్చీలాగ సూసుకుని రావాల. మా మావ కాలం నుంచి అదే గురుతు. మైలని సున్నం ఎయ్యని ఏడు, వానలకి గోడ పాసి పట్టి నల్లబడిపోనాది. ఈశ్వర్ అయ్య దారి తప్పి బండల మీదికి పోనాడు. తెప్ప దుంగలు ఆ పొద్దే దొరికినాయి. మనిషి మూడో రోజుకి. ఈడికప్పుడు నాలుగేళ్లు.”

“తర్వాత?” అన్నాడు నారాయణమూర్తి. తొమ్మిది రోజుల్లో ఆమెను అతనడిగిన మొదటి ప్రశ్న అది.

“తర్వాతేటున్నాది. ఆయన పదో రోజునాడే, మైలలోనే, గుల్లలు కాల్చి సున్నం చేసి గోడకేసినాను. ఊరు ఊరంతా నా మొహాన ఉమ్మినాది. మరి ఏ ఏడూ మాననేదు. నరసన్నపేట సంతకి ఎండుచేపలు మోసి ఈడిని పెంచినాను. ఈడు పెద్ద బోటెక్కినాక ఈ గోడతో నాకేటి పని అనుకోవచ్చు. అనుకోనేదు.”

నారాయణమూర్తి మళ్లీ ఇసకదిబ్బ వైపు చూశాడు. మొదట తోచింది ఆ నాలుగు పేజీలే. చప్పుడు చేయకుండా వెళ్లి బరకం తీసేస్తే ఎవరికీ తెలియదు కదా అన్నది తర్వాత తోచింది. ఆ ఆలోచన ఎంత సాఫీగా, ఎంత చక్కటి వాక్యంలా వచ్చిందో చూసి అతనికే భయం వేసింది.

ఉత్తరం వైపు, ఆవిరి తెర వెనక, అల విరిగిన చప్పుడు వినిపించింది. అసిరయ్య అటు తల తిప్పాడు.

“దాలమ్మా,” అన్నాడు నారాయణమూర్తి. “గోడ మీద బరకం కప్పింది నేనే. కళ్లలో ఎండ పడుతోందని. నీలం బరకం.”

ఆమె అతన్ని పైనుంచి కిందకి చూసింది. గంపల దగ్గర ఒకామె లేచి నిలబడింది. దాలమ్మ చెయ్యి అడ్డం పెట్టి ఆమెను ఆపింది.

“తిట్టడానికి తర్వాత తిడతాను, ఈడొచ్చినా రాకపోయినా,” అంది. గొంతు ఎప్పటిలాగే ఉంది, మాట్లాడుతూనే చీర కుచ్చెళ్లు పైకి దోపుకుంది. “అసిరయ్య బావ, నేను తెప్పెక్కి బండల వైపు ఎల్తాం. మీరు ముందెళ్లి బరకం ఇప్పీండి. తాడు ముడి రాకపోతే కత్తిపీటెట్టి కోసీండి. కోసీసి గోడెక్కి నిలబడి, మీ తెల్ల చొక్కా ఇప్పి ఊపండి. మా ఈశ్వర్ పసుపు బనీను ఏసుకున్నాడు. అది అగుపించీదాకా దిగొద్దు. ఈపాలి మాత్రం సముద్రం వైపు తిరిగి నిలబడండి బాబూ.”