పదిహేడో అంశం

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కొరియర్ దుకాణం కౌంటరు మీద ఊదారంగు స్టాంపు ప్యాడ్ మూత తీసి ఉంది. బయట వాన అప్పుడే తగ్గింది. మెట్రో స్తంభాల మీది నుంచి నీళ్లు సన్నని తీగలుగా జారుతున్నాయి. తడి గాలిలో ఆ సిరా వాసన, కొంచెం తీపిగా, కొంచెం మందులా, ముక్కుకు తగలగానే చేతిలో ఉన్న కవరు సంగతి మరిచిపోయాను. ఎక్కడో దూరంగా ఒక హాలు, నీలం ప్లాస్టిక్ కుర్చీల వరసలు, ఒక కుర్చీ వీపు మీద కాగితం పరిచి నాచేత రాయిస్తున్న ఆండాలమ్మ గారి వేలు. కౌంటరు ఆయన నన్ను రెండుసార్లు పిలిచాడట.

ఆండాలమ్మ గారు వార్డు ఆఫీసులో అటెండరుగా చేసి రిటైరయ్యారు. నల్లగొండ వైపు పల్లె నుంచి వచ్చి, మన్సూరాబాద్‌లోని మా కాలనీ నాలుగో వీధి మలుపులో రెండు గదులు కట్టుకున్నారు. కాలనీ అంతా ఒకటే వాలు. మొదటి వీధి ఎత్తు, నాలుగో వీధి పల్లం, ఆ పల్లంలోనూ అన్నిటికన్నా కింద ఉన్నది ఆవిడ ఇల్లు. మాది గుంటూరు వైపు. సివిల్ ఇంజినీరింగ్ చదివి, ఉద్యోగానికని వచ్చి, ఆవిడ ఎదురు మేడ మీద కిరాయికి దిగాను. ప్రతిదానికీ జాబితా రాసుకునే అలవాటు నాది. కూరగాయలకు ఒకటి, ఉతకాల్సిన బట్టలకు ఒకటి. అది చూసి ఆవిడ నాకు "లిస్టు సారు" అని పేరు పెట్టారు. నేను "గారు" అన్నప్పుడల్లా నవ్వేవారు. "గారు గీరు ఏంది బిడ్డా, నేనేమన్న కలెక్టరునా?"

రిటైరైనా ప్రతి సోమవారం వార్డు ఆఫీసుకు వెళ్లి నోటీసు బోర్డు చదివి వచ్చేవారు. ఒకసారి నన్నూ తీసుకెళ్లారు.

"ఇవన్నీ ఎవరు చదువుతారండీ?" అన్నాను.

"ఇన్నేండ్లు గీ అద్దం తుడిచింది నేనే. చదవకుంట తుడుస్తనా?"

అద్దం వెనక ఒక నోటీసు ఉంది. మా కాలనీకి కొత్త వాననీటి కాలువ, ఇక్కడివాళ్ల మాటలో మోరీ, వేస్తారట. అభ్యంతరాలు, సూచనలు ఉన్నవాళ్లు కమ్యూనిటీ హాలులో జరిగే హియరింగుకు వచ్చి చెప్పుకోవచ్చట. నేను ఫొటో తీసుకుని వెనక్కి తిరిగాను. "ఫొటోతోని ఏమైతది? నక్షా అడుగు" అన్నారు. అడగొచ్చని నాకు తెలియదు. అడగ్గానే గుమాస్తా బీరువాలోంచి ఆ మోరీ ప్లాను తీసి బల్ల మీద పరిచాడు. పై మూడు వీధుల నీళ్లు మోసుకొచ్చే పెద్ద పైపు నాలుగో వీధి మలుపులో ఆగిపోయి, అక్కడున్న పాత సన్న మోరీలో కలుస్తోంది. గట్టి వాన పడితే ఆ మోరీకి అన్ని నీళ్లు పట్టవు. పొంగిన నీళ్లకు ఎదురయ్యే మొదటి గుమ్మం ఆండాలమ్మ గారిదే. నేను నోరు తెరిచేలోపే ఆవిడ వేలు ఆ మలుపు మీద ఆగింది. "గీడికేనా?" అన్నారు, ఎవరినో పేరు అడిగినంత మెల్లగా.

ఆ తరువాతి సాయంత్రాలు నాకు కలలోలా గుర్తున్నాయి. వాన వెలిసిన వీధుల్లో ఆకాశం ముక్కలు ముక్కలుగా నేల మీద పడి ఉండేది. మేమిద్దరం వాటిని దాటుకుంటూ ఇల్లిల్లూ తిరిగాం. ఆవిడ ఎవరినీ రమ్మని బతిమాలలేదు. గోడ మీద పాత నీటి గీతలను వేలితో తడుముతూ, "నిరుడు ఎంతదాక వచ్చినయి?" అని మాత్రం అడిగేవారు. అడిగిన చోటల్లా ఒక కథ బయటికొచ్చేది. మూడో వీధిలో మిషన్ కుట్టే రజిత కిందటి వానల్లో తడిసిన బట్టల కట్టల గురించి చెప్పి, అంతలోనే వెనక్కి తగ్గింది.

"కిరాయికి ఉండేటోళ్లం గదా అమ్మా, మేం మాట్లాడొచ్చా?"

"నీళ్లు ఇల్లెవరిదని అడిగి లోపటికొస్తయా?"

"మైకంటే నాకు వణుకు."

ఆండాలమ్మ గారు వంటింట్లోకి పోయి గరిటె తెచ్చి ఆమె చేతిలో పెట్టారు. "ఇదే మైకు. పేరు చెప్పు, ఇంటి నంబరు చెప్పు, ఒక్క ముచ్చట చెప్పు. రెండోది చెప్తే మొదటిది మరిచిపోతరు సార్లు." రజిత నవ్వాపుకోలేక గరిటెతో మూడుసార్లు చెప్పింది. మూడోసారి గొంతు వణకలేదు. ఆ పాఠం నాక్కూడానని నాకు తట్టలేదు.

తిరిగి వస్తూ "మీ ఇంటి సంగతి మీరే చెప్పొచ్చు కదండీ" అన్నాను. "నేను మాట్లాడితే, ఆఫీసుల చేసినది, పైరవీకి ఒచ్చిందంటరు. నా ఇల్లు నువ్వు చెప్పు బిడ్డా." చెబుతానని మాటిచ్చాను.

హియరింగు నాడు పొద్దున్నే పేర్లు రాయించుకున్నాం. నా దగ్గర పదిహేడు అంశాల జాబితా ఉంది. కొలతలు, వాలు, పైపు వ్యాసం అన్నీ సరిగ్గా ఉన్నాయి. నీరు పారే క్రమంలో, మొదటి వీధి ఎత్తు నుంచి మొదలుపెట్టి రాశాను. నా లెక్కకు అంతకన్నా సహజమైన క్రమం లేదు. మనిషికి మూడు నిమిషాలన్నారు. నేను మూడో వీధి మొదట్లో ఉండగా గంట మోగింది.

"సార్, ముఖ్యమైనది ఇంకా..."

"అందరికీ టైమివ్వాలి కదండీ. నెక్స్ట్" అన్నారు బల్ల వెనక అధికారి.

రజిత లేచింది. పేరు, ఇంటి నంబరు, తడిసిన బట్టలు. అర నిమిషంలో కూర్చుంది. అధికారి తలెత్తి చూసి ఏదో రాసుకున్నారు. ఇంకో ఇద్దరి తరువాత "ఇంకెవరైనా ఉన్నారా?" అని అడిగి కళ్లజోడు తీశారు. నా చెవుల్లో ఫ్యాన్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. హాలంతా నీళ్లలో మునిగి, నేను అడుగున కూర్చున్నట్టుంది. ఆండాలమ్మ గారి వైపు చూడలేకపోయాను.

ఆవిడే వచ్చి పక్క కుర్చీలో కూర్చున్నారు. "ఎన్ని రాసినవ్?"

"పదిహేడు."

"నా ఇల్లు ఎన్నోది?"

"పదిహేడోది."

ఆవిడ నా కాగితాన్ని పైనుంచి కిందికి చూసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. "అబ్బ, లిస్టు సారూ! నా ఇంటికి నీళ్లు నీకంటే జల్ది ఒస్తయి." వెంటనే నా భుజం తట్టారు. "పరేషాన్ కాకు. సారు కండ్లజోడు తీస్తే అయిపోదు. క్లర్కు రిజిస్టర్ మూస్తెనే అయిపోయినట్టు. తెల్ల కాయితం తియ్యి."

ముందు కుర్చీ వీపు మీద పెట్టి రాశాను. పైపు మలుపులో ఆగకూడదు, మెయిన్ రోడ్డు పక్కనున్న పెద్ద కాలువ, ఆ నాలా దాకా పోవాలి, లేకపోతే ఈ నంబరు ఇంట్లోకి నీళ్లు వస్తాయి, వచ్చి చూడండి. అంతే. రెండో ప్రతి రాయించి, మొదటిది క్లర్కుకు ఇప్పించి, రెండోదాని మీద ఊదారంగు ముద్ర వేయించి నా జేబులో పెట్టించారు. అది చాలనుకుని లేవబోతే చెయ్యి పట్టుకుని ఆపారు. "రిజిస్టర్ల ఏం ఎక్కించిండో చదివి వినిపియ్యమను."

అడిగాను. క్లర్కు విసుక్కుని అధికారి వైపు చూశాడు. ఆయన చదవమన్నట్టు తలాడించారు. "నాలుగో వీధి మలుపులో గల నివాసంలోకి వరద నీరు చేరునని అభ్యంతరం. స్థల పరిశీలన కోరిరి." రాగం లేని ఆ గొంతులో తన ఇంటి మాట వింటూ ఆండాలమ్మ గారు కళ్లు మూసుకున్నారు. ఉద్యోగం చేసినన్నాళ్లూ ఆ హాలు మీటింగుల్లో అందరికీ మంచినీళ్లు అందించిన మనిషి, కుర్చీలో కూర్చుని, తన గురించి చదువుతుంటే వింటున్నారు.

తరువాత పరిశీలనకు వచ్చారు. ఆవిడ అధికారిని గుమ్మంలో నిలబెట్టి, గోడ మీద మోకాలెత్తు గీత చూపించి, ఒక్క మాటా అనకుండా చాయ్ ఇచ్చారు. పైపు నాలా దాకా పోయింది. రెండో వీధి వాళ్లు అడిగినవి చాలా కాలేదు. నా జాబితాలో మిగిలినవాటిని ఎవరూ పట్టించుకోలేదు. ఆవిడ ఇల్లు మాత్రం తరువాతి వానలన్నిటికీ పొడిగా ఉంది. పోయినేడు అదే ఇంట్లో, నిద్రలోనే వెళ్లిపోయారు.

ఇప్పుడు నేను కొత్తపేటలో ఉంటున్నాను. మొన్న మా వీధికీ ఒక నోటీసు వచ్చింది. నక్షా అడిగి తెచ్చుకున్నాను. వాలు ఎటుందో చూసుకుని, నా మేడ ముందు నుంచి కిందికి నడిచాను. నడుస్తున్నంతసేపూ పక్కన ఎవరో చెప్పులీడుస్తూ వస్తున్నట్టే ఉంది. అన్నిటికన్నా పల్లంలో ఉన్న ఇంటి తలుపు తట్టి, కాగితం మీద ఒకటి అని వేసి, తలుపు తీసే మనిషి కోసం ఎదురుచూశాను.