ఎండలో కనపడని మంట

దీవిలోని డాలీగంజ్‌లో గణేశ్వరరావుని అందరూ మిస్త్రీ బాబాయ్ అంటారు. తాత శ్రీకాకుళం తీరం నుంచి చేపల వేటకని ఇక్కడికి వచ్చినవాడే గానీ, ఈయన మాత్రం సముద్రం జోలికి పోలేదు. ముప్పై రెండేళ్లు సర్కారు వర్క్‌షాపులో ఇంజన్లు విప్పి బిగించి రిటైరయ్యాడు.

ఒక వానాకాలం పెట్రోలు తెచ్చే ఓడ ఆలస్యమై, పెట్రోలు బంకు ముందు లైను రోడ్డు మలుపు దాటింది. అప్పుడు పట్టుకుంది ఆయనకి, పెట్రోలు లేకుండా బండి నడపాలన్న పిచ్చి. మగ్గిన అరటిపళ్లు, బెల్లం పులియబెట్టి, మూడు నాలుగుసార్లు కాచి స్పిరిట్ తీశాడు. సారా కాస్తున్నాడని వీధంతా గుసగుసలు. భార్య కళ పెరటి తలుపు మూసే ఉంచేది. నాలుగు నెలలకి పాత స్కూటరు ఆ స్పిరిట్‌తోనే ప్రోతరాపూర్ దాకా పోయి వచ్చింది.

"బాబాయ్, నా డింగీకి కూడా సెయ్యవా?" అన్నాడు పక్కింటి చిరంజీవి. ఆ చిన్న పడవమీద చేపల వేట అతనిది.

గణేశ్వరరావు బోటు మోటారులో ఇంధనం చిమ్మే జెట్టు మార్చాడు. స్పిరిట్‌కి రబ్బరు పైపు మెత్తబడిపోతుందని, కొత్త రకం వేయమని చెప్పాడు. ఒక్క సంగతి మాత్రం చెప్పలేదు. వర్క్‌షాపులో ఒకసారి మిట్టమధ్యాహ్నం బల్లమీద స్పిరిట్ మండుతుంటే, తెలియక తోటి మెకానిక్ రామ్‌ప్రసాద్ అందులో చెయ్యి పెట్టేశాడు. పట్టపగలు ఆ మంట కంటికి ఆనదు. చెబితే చిరంజీవి వెనక్కి తగ్గుతాడేమోనని ఊరుకున్నాడు.

చిరంజీవి పైపు మార్చలేదు. "కల్ కరేంగే, రేపు చూద్దాం" అంటూ వారం గడిపేశాడు.

ఆ తర్వాత ఒక రోజు జెట్టీ దగ్గర ఎండ కళ్లు చెదిరేలా ఉంది. చిరంజీవి మోటారు మీదికి వంగి తాడు లాగుతున్నాడు. పొగ లేదు, వెలుగు లేదు. మోటారు మీది గాలిలోంచి చూస్తే, వెనకున్న పడవలు మాత్రం నీళ్లలో నీడల్లా వణుకుతున్నాయి. గట్టుమీది గణేశ్వరరావుకి తెలిసిపోయింది, పైపు కారి మంట అంటుకుందని. డింగీలోకి దూకి, బకెట్టుతో సముద్రపు నీళ్లు ముంచి చిరంజీవి మీద గుమ్మరించాడు.

"ఏటి బాబాయ్! నీళ్లెందుకు..." అని నవ్వబోయిన చిరంజీవి, మాట మధ్యలోనే కేక పెట్టాడు. చొక్కా చేతులు నల్లగా ముడుచుకుపోయి ఉన్నాయి.

రెండు నెలలు ఆసుపత్రి. ప్రాణం దక్కింది. కుడిచేతి వేళ్లు మాత్రం మళ్లీ పూర్తిగా ముడుచుకోలేదు.

"ఆ మంట కనపడదని మీకు ముందే తెలుసా?" అని కళ అడిగింది. ఆ పూట ఆమె అన్నం వడ్డించలేదు.

ఈలోగా ఇంకో మూడు డింగీలకి ఆ పద్ధతే ఎక్కింది. వేటకెళ్లే మల్లేశు, అతని తోటివాళ్లు సొంతంగా కాచుకుంటున్నారు, చేతికొచ్చిన పైపులే వేస్తున్నారు. గణేశ్వరరావు వాళ్లందర్నీ జెట్టీ మీదికి పిలిచి, పళ్లెంలో స్పిరిట్ పోసి అగ్గిపుల్ల గీశాడు.

"ఎక్కడ బాబాయ్ మంట?" అన్నాడు మల్లేశు.

ఆయన ఒక కొబ్బరాకు పైన పట్టుకున్నాడు. ఆకు కొస నల్లబడి రాలిపోయింది.

"బాబాయ్, జాగ్రత్తగా ఉంటాం లే," అన్నాడు మల్లేశు. "పెట్రోలు ఓడ ఈమారు ఎప్పుడొస్తాదో ఏటో."

ఒకరి తర్వాత ఒకరు పడవల్లోకి దిగారు. మొదటి మోటారు అందుకుంది, తర్వాత రెండోది, మూడోది. గణేశ్వరరావు గట్టు అంచున నిలబడి, మూడు పడవల వెనకా గాలి ఎక్కడైనా వణుకుతోందేమోనని చూస్తున్నాడు. ఎండకి కళ్లలో నీళ్లు తిరిగి, ఏదీ సరిగా ఆనడం లేదు.