బోర్డు మీద జాంబియా

మొన్న హనుమకొండలో మా చెల్లెలి మునిమనవరాలిని చూడడానికి ఆసుపత్రికి వెళ్లాను. నెలలు నిండకుండా పుట్టిన పిల్ల. తండ్రి చొక్కా గుండీలు విప్పి, పిల్లను గుండెకు ఆనించుకుని కూర్చున్నాడు. వంగి చూడగానే పాలు, చెమట, ఉతికిన నూలుగుడ్డ కలిసిన వెచ్చటి వాసన వచ్చింది. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఏంది ఆపా, పిల్ల మంచిగనే ఉన్నది గద, ఎందుకేడుస్తున్నవ్?" అని చెల్లెలు గదమాయించింది. ఆ వాసన నన్ను మానుకోటకు లాక్కుపోయిందని దానికేం తెలుసు? మహబూబాబాద్‌ను మేమంతా మానుకోట అనే అంటాం. జనగామ నుంచి వెళ్లి నేను నర్సుపని నేర్చుకున్నది అక్కడే, సుగుణ డాక్టరమ్మ దగ్గర.

డాక్టరమ్మది తరిగొప్పుల. అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో పుస్తకాలు పక్కన పెట్టి రోడ్డెక్కిన విద్యార్థుల్లో ఆమె ఒకరు. పెళ్లయ్యాక, పంతులు ఉద్యోగం మీద వెళ్లిన భర్తతో కలిసి ఆఫ్రికాలోని జాంబియాకు వెళ్లి, అక్కడ ఒక పల్లె ఆసుపత్రిలో కొన్నేళ్లు పనిచేశారు. తిరిగొచ్చాక మానుకోట రైలుగేటు దగ్గర చిన్న దవాఖాన పెట్టారు. ఆ రోజుల్లో లండన్ వెళ్లొచ్చిన డాక్టరు బోర్డు మీద ఆయన పేరుకంటే లండనే పెద్దగా కనిపించేది. మా డాక్టరమ్మ బోర్డు మీద మాత్రం "జాంబియాలో పనిచేసిన అనుభవం" అని ఉండేది. జనం ఆమెను ఆఫ్రికా డాక్టరమ్మ అని వెనక నవ్వుకునేవారు. ఒకరోజు పక్కనే ఉన్న మందుల షాపు యాదగిరి ఉండబట్టలేక వచ్చాడు.

"అమ్మా, గా ముక్క చెరిపియ్యిండ్రి. గక్కడ ఆకుపసర్లు, భూతవైద్యం తప్ప ఏముంటదని అంటున్నరు. వచ్చేటోళ్లు గూడ వస్తలేరు."

డాక్టరమ్మకు కోపం ముక్కు మీదే ఉండేది. "నేనేమన్న జైలుకు పోయొచ్చిన్నా, దాసుకోనీకి?" అన్నారు. మర్నాడే పెయింటరును పిలిపించి ఆ ముక్కను ఇంకాస్త పెద్దగా రాయించారు. యాదగిరి తల పట్టుకున్నాడు.

ఆ దేశం గురించి నేనడిగితే గొప్పలు చెప్పేవారు కాదు. "మంచి ఉన్నది, చెడు ఉన్నది నూర్జహాన్, మన తీరుగనే. మందులు దొరకని రోజులు మనకు లేవా ఏంది?" అనేవారు. గ్రేస్ అనే నర్సు గురించి చెప్పేటప్పుడు మాత్రం ఆమె గొంతు మెత్తబడేది. అక్కడ ఆమెకు మలేరియా వచ్చి మంచం పట్టినప్పుడు గ్రేసే పక్కన కూర్చుని బతికించుకుందట.

ఒక చలికాలం పొద్దున గార్ల నుంచి జీపు వచ్చి ఆగింది. ఏడో నెలలోనే కాన్పయిన కోడలు, గుడ్డల మూటలో ఆమె కొడుకు. ముందు సీట్లోంచి పెద్ద పటేలు దిగాడు, వెనక ఆయన కొడుకు, బిడ్డ తండ్రి రాంరెడ్డి. తల్లి రక్తం పోయి స్పృహలో లేదు. బిడ్డను అందుకున్నాను. పిడికెడంత ప్రాణం, కాళ్లు మంచులా చల్లబడ్డాయి. బల్బు కింద పెట్టబోతే కరెంటు లేదు.

పెద్ద పటేలు బోర్డు వైపు చూపించి, డ్రైవరుతో చదివించుకుని, వెనక్కి తిరిగాడు. "వద్దు. వరంగల్ పోదాం పాండ్రి. ఆడ అద్దాల పెట్టెలున్నయి, లండన్ల చదివిన డాక్టరున్నడు. గా అడివి దేశపు వైద్యం మాకొద్దు."

"పోండ్రి బాపు, నేనే పంపిస్త. ఇప్పుడైతే దారిలనే సల్లబడతడు. ముందు ఒంటికి వేడి తగలాలె," అంటూ డాక్టరమ్మ తల్లికి సెలైన్ ఎక్కిస్తూనే రాంరెడ్డి వైపు తిరిగారు. "అంగీ విప్పు. బిడ్డను గుండెకు కట్టుకో. నెలలు నిండని పిల్లల్ని గ్రేస్ గిట్లనే కాపాడంగ నా కండ్లతోని చూసిన."

పటేలు గయ్యిమన్నాడు. "పురుడు తీరకముందు మొగోడు బిడ్డను ముట్టుడా? మా ఇంట్ల లేదు!"

తల్లి కదలలేదు. వెంట వచ్చిన నాయనమ్మ దగ్గుతో మెలికలు తిరుగుతోంది. తల్లి దగ్గర పని వదిలి బిడ్డను పట్టుకుని కూర్చోవడం నాకు కుదరదు. డాక్టరమ్మ పటేలు ఎదురుగా నిలబడ్డారు. ఈసారి ఆమె గొంతులో కోపం లేదు.

"బాపు, అరవై తొమ్మిదిల మేం రోడ్డు మీదికి ఎందుకొచ్చినం? మన మాటను, మన చదువును చూసి నవ్విండ్రు గనుకనే గద. గా నవ్వు ఎంత మండుతదో మనకెరుకే. మల్ల మనమే ఇంకో దేశాన్ని చూసి నవ్వుడా? గక్కడ గూడ తల్లులున్నరు, బిడ్డల కోసం తండ్లాడెటోళ్లున్నరు. నా మీద కోపముంటె ఎన్కకు తిట్టుండ్రి. ఇప్పుడు మీ మనుమన్ని బతకనియ్యిండ్రి."

రాంరెడ్డి తండ్రి మొహం చూడకుండా అంగీ గుండీలు విప్పాడు. నేను నూలుచీర చించి బిడ్డను అతని గుండెకు కట్టాను. అతను గోడకు ఆనుకుని, ఊపిరి గట్టిగా పీల్చడానికి కూడా భయపడుతూ కూర్చున్నాడు. తల్లికి స్పృహ వచ్చాక డాక్టరమ్మ ఆమె పాలు పిండి, బిడ్డ నోట్లో చుక్కచుక్కగా పోస్తూ వచ్చారు. పొద్దు వాలేసరికి బిడ్డ పాదాలు వెచ్చబడ్డాయి. సన్నగా, పిల్లికూనలా ఏడ్చాడు. రాంరెడ్డి వాడికంటే గట్టిగా ఏడ్చాడు. వరంగల్ వెళ్లే మాట పెద్ద పటేలు మళ్లీ ఎత్తలేదు.

తల్లీబిడ్డా కోలుకుని ఇల్లు చేరి, పురుడు కూడా తీరాక ఆయన ఒక్కడే వచ్చాడు. లోపలికి రాకుండా బోర్డు ముందు నిలబడి నన్ను పిలిచాడు. ఆయనకు చదువు రాదు.

"బిడ్డా, గా దేశం పేరు ఏంది?"

"జాంబియా, బాపు."

"జాంబియా," అన్నాడు. నాలుక తిరిగేదాకా మళ్లీ మళ్లీ అనుకున్నాడు. తర్వాత తలకు చుట్టిన రుమాలు తీసి భుజాన వేసుకున్నాడు. "గా గ్రేసమ్మకు మా దండాలు రాయమని చెప్పు డాక్టరమ్మకు."

ఆ తర్వాత నేను భూపాలపల్లి వెళ్లి అక్కడే స్థిరపడ్డాను. కాటారం అవతలి అడవి పల్లెల నుంచి ఎడ్లబండ్ల మీద వచ్చిన బిడ్డలను ఎందరినో అలాగే తల్లుల గుండెలకు కట్టాను, ఒప్పుకున్నచోట తండ్రుల గుండెలకూ కట్టాను. నాకు చేతిపని నేర్పింది డాక్టరమ్మే, ఎదురుగా నిలబడి మాట చెప్పడం నేర్పిందీ ఆమే. ఆమె పోయి చాలా ఏళ్లయింది. ఆ రుణం నాకు బరువనిపించదు.

మొన్న ఆసుపత్రిలో ఆ పిల్ల తండ్రి గర్వంగా అన్నాడు, "అమ్మమ్మా, గిది అమెరికా పద్ధతి అట."

"అమెరికా సంగతి నాకెరుక లేదు బిడ్డా," అంటూ పిల్ల వీపు మీది గుడ్డ సర్దాను. "నాకైతే జాంబియా నుంచి వచ్చింది. గక్కడ గ్రేస్ అని ఒక నర్సమ్మ ఉండేది..."

గ్రేస్‌ను నేనెప్పుడూ చూడలేదు. కానీ ఆమె పేరు, ఆ దేశం పేరు చెప్పకుండా ఇప్పటిదాకా ఏ బిడ్డనూ ఏ గుండెకూ కట్టలేదు.